మెత్తబడ్డ ట్రిగ్గర్

పోయినవారం భాగంలో టెస్సాని చర్చి ముందు తడిగడ్డిలో, ఫోను చెవి దగ్గర పెట్టుకుని బిగుసుకుపోయి ఉండగా వదిలేసి వచ్చాం. ఫోనులో మాట్లాడింది మనిషి కాదు. జైలువాళ్ళు ముందే రికార్డు చేసి పెట్టుకున్న ఆడగొంతు. మీరు వివరం కోరిన ఖైదీ ఈ ఉదయం విడుదలయ్యాడు, అంది. ఇంకోసారి వినాలంటే ఒకటి నొక్కమంది. టెస్సా ఒకటి నొక్కింది. మళ్ళీ అదే మాట.

ఖైదీ అంటే ట్రెంట్. ఆమె మాజీ మొగుడు, నాలుగేళ్ళ జూనీకి తండ్రి. కిందటి చలికాలంలో టెస్సా కుడి మణికట్టుని వెనక్కి విరిచినవాడు. డాక్టర్లు ఆ మణికట్టులో ఇనుపరేకు పెట్టి మరలు బిగించారు గానీ పట్టు మాత్రం తిరిగి రాలేదు. జైలు నుంచి వాడు దిగేది వాళ్ళమ్మ లవానా ఇంట్లో. ఆ ఇంటికీ టెస్సా ఇంటికీ మధ్య ఒక్క గుట్ట అడ్డం. ఆమె గుమ్మం దరిదాపులకి వాడు రాకూడదని జడ్జి రాసిచ్చిన కాగితం ఉంది. ఆ కాగితాన్ని ఆమె ఫ్రిజ్ తలుపుకి అంటించుకుంది కూడా. కానీ వాడు వస్తే ఆపాల్సిన షెరిఫ్ మనిషి పట్నం నుంచి కొండ ఎక్కి దిగి రావాలి. అంతసేపు ట్రెంట్ ఆగడు. అందుకే టెస్సా వేసవిలో, కొట్లో ఉన్నవాటిలో అన్నిటికంటే చవకైన పిస్తోలు కొనుక్కుంది. దాన్ని ఆమె అన్న లైల్ బాగుచేసి ఇస్తానని పట్టుకుపోయాడు. ఈ ఆదివారమే తిరిగి ఇస్తానన్నాడు.

ఫోను వచ్చిన సంగతి టెస్సా ఎవరికీ చెప్పలేదు. జూనీని కారెక్కించుకుని అందరి వెనకే గనికోత దగ్గరికి వచ్చేసింది.

బొగ్గు కంపెనీ కొండని నిలువునా చెక్కి వదిలేసిన చోటు అది. వెనక ఎత్తయిన మట్టిగోడ ఉంటుంది కాబట్టి తూటా ఎటూ పోదు. ప్రార్థన అయ్యాక వీళ్ళు అక్కడికే చేరతారు. ట్రక్కుల వెనక తలుపులు దించి, వాటిమీదే చిక్కుడుగింజల కూర, మొక్కజొన్న రొట్టె, చల్లటి తీపి టీ పెట్టుకుంటారు. పిల్లలకి చెవిమూతలు తగిలిస్తారు. తినడం, కాల్చడం, ఒకరినొకరు ఆటపట్టించడం, మళ్ళీ తినడం. టెస్సా కూడా చిన్నప్పటినుంచీ అలాగే పెరిగింది.

లైల్ తన ట్రక్కు తలుపు మీద పాత తువ్వాలు పరిచి, దాని మడతలో ఏదో దాచి, పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు తెచ్చాడు. రెండేళ్ళ కిందట గని మూతపడ్డాక టైర్ల షాపులో పనికి కుదిరాడు కానీ అతని మనసంతా ఇంటి వెనక షెడ్డులో ఉన్న బల్ల మీదే. చుట్టుపక్కల ఎవరి తుపాకీకి జబ్బు చేసినా ఆ బల్ల మీదికే వస్తుంది.

"కళ్ళు చెదురుతాయేమో, చేతులు అడ్డం పెట్టుకోండి" అని తువ్వాలు తీశాడు.

లేత ఆకాశనీలంలో మెరుస్తూ పిస్తోలు.

"ఓరి నాయనో!" అన్నాడు ఎల్డన్ బాబాయి, నోట్లో రొట్టెముక్కతోనే. టెస్సా వాళ్ళ నాన్న తమ్ముడాయన. "ఇది మన టెస్సా కొన్నదేనా? మొన్నటిదాకా నా పెట్టుడుపళ్ళ డబ్బాలా ఉండేది కదరా!"

"నీ పళ్ళే నయం, అవి అప్పుడప్పుడైనా కరుస్తాయి" అంది డ్రీమా. లైల్‌కీ టెస్సాకీ తల్లి. "ఆ రంగు గట్టిపడాలని నా ఓవెన్లో పెట్టి కాల్చాడు మహానుభావుడు. మూడు రోజులు నా రొట్టెలన్నీ బండి షెడ్డు కంపు."

"రొట్టెలు రుచిగా ఉన్నాయనే అన్నాం కదమ్మా!"

"నోరుమూసుకుని ఉండేవాళ్ళని కన్నాననుకున్నాను."

లైల్ నవ్వుతూనే ఒక్కొక్కటీ చూపించాడు. చెమటకి జారకుండా ప్లాస్టిక్ పిడి నిండా వేడి టంకంకాడతో చుక్కలు కాల్చాడు. గురి చూసే మొనకి వాళ్ళమ్మ గోళ్ళరంగు పూశాడు, నారింజరంగు. మసకవెలుతురులో కూడా ఆ చుక్క కనిపిస్తుంది. తూటాల అర అడుగున చిన్న తొడుగు తగిలించి, టెస్సా చిటికెనవేలు కూడా పిడి మీద నిలబడేలా చేశాడు. కొన్న వస్తువు చవకదే. కానీ అతను దానిమీద పడ్డ పాటు చవకది కాదు. నెలన్నరగా సాయంత్రాలన్నీ దానికే పోశాడు.

"ఇవన్నీ షోకులు. అసలుది ఇక్కడుంది" అని ట్రిగ్గర్ చూపించాడు. "వేలు పెట్టి చూడు టెస్సీ."

ఆ ట్రిగ్గర్ సంగతి అందరికీ తెలుసు. ఆగస్టులో ఇదే మట్టిగోడ ముందు టెస్సా దాన్ని లాగలేక లాగలేక, రెండు చేతులూ వణుకుతూ లాగితే, గుండు వెళ్ళి తన కాళ్ళకి బారెడు దూరంలో నేలలో దిగబడింది. ప్రతిసారీ అంతే. ఎల్డన్ బాబాయి వానపాములు బతకాలమ్మా అని జోకులేశాడు. టెస్సా కారులో కూచుని ఏడ్చింది. వాడొస్తే నేను నా పాదాన్ని కాల్చుకుంటాను తప్ప ఇంకేం చెయ్యలేను లైల్, అని. ఆ రాత్రే అతను పిస్తోలు తనతో తీసుకుపోయాడు.

ఇప్పుడు టెస్సా నిలబడి ఊపిరి బిగబట్టి, నారింజచుక్కని మట్టిగోడ కింద వరసగా పెట్టిన డబ్బాల మీదికి తెచ్చింది. వేలు ఆనించింది. లాగానని అనుకోకముందే పిస్తోలు పేలింది. డబ్బా ఎగిరిపడింది. ఇంకోటి. ఇంకోటి.

ఆమె నోట్లోంచి ఏదో చప్పుడు వచ్చింది. అది నవ్వని తెలియడానికి ఆమెకే కాస్త సమయం పట్టింది.

"వెన్న!" అని అరిచాడు ఎల్డన్. "వెన్నలో కత్తి దిగినట్టు లేదూ?"

డ్రీమా కళ్ళు తుడుచుకుంది. లైల్ మెడ దాకా ఎర్రబడి, టోపీ సర్దుకుంటూ, అటూ ఇటూ చూశాడు. టెస్సాకి ట్రెంట్ గుర్తొచ్చాడు. రానీ వాణ్ణి, అనుకుంది. గుట్ట దిగి వస్తాడా, రానీ.

అప్పుడు జూనీ మేనమామ ప్యాంటు పట్టుకుని లాగింది. గులాబీరంగు చెవిమూతలు ఒక చెవి మీదినుంచి జారి మెడలో వేలాడుతున్నాయి.

"లైల్ మామా, ఇప్పుడు నాకు కూడా వస్తుందా?"

"ఆగవే చిట్టెలుకా" అన్నాడు ఎల్డన్. "ముందు నీ పాలపళ్ళు ఊడనీ."

"అప్పుడు రాలేదు" అంది జూనీ, ఎవరో తన మాట కాదన్నట్టు. "రెండు చేతులతో లాగినా రాలేదు. అమ్మది చాలా గట్టి."

నవ్వు ఇంకా ఎల్డన్ ముఖం మీదే ఉంది, దాన్ని తీసెయ్యడం ఆయనకి చేతకావడం లేదు.

టెస్సా పిస్తోలుని తువ్వాలు మీద పెట్టింది. కూతురి ముందు మోకాళ్ళ మీద కూచుంది.

"ఎప్పుడు లాగావు బంగారం?"

"కోప్పడతావు."

"కోప్పడను. ఒట్టు."

"నువ్వు బయట బట్టలు ఆరేస్తున్నావు. నాకు ఆకలేసింది. ఫ్రిజ్ మీద పాలల్లో వేసుకునే చాక్లెట్ రేకుల డబ్బా ఉంది కదా. కుర్చీ వేసుకుని, వంటగట్టు ఎక్కి, తీశాను. అందులో రేకులు లేవు."

అందులో రేకులు ఉండవని టెస్సాకి తెలుసు. ఖాళీ డబ్బాలో పిస్తోలు పెట్టింది ఆమే. ట్రెంట్‌కి ఎక్కడ వెతకాలో తట్టకూడదని, చాలా తెలివిగా పెట్టాననుకుంది. నాలుగేళ్ళ పిల్లకి ఆ ఇంట్లో అన్నిటికంటే ఇష్టమైన డబ్బా అది.

"మరి... ఎలా పట్టుకున్నావు? చూపించు. ఉత్త చేతులతో చూపించు."

జూనీ రెండు చేతులూ ఎత్తింది. రెండు బొటనవేళ్ళూ కలిపి, తనవైపుకే, ముఖానికి ఎదురుగా పెట్టుకుంది. ఒక కన్ను మూసింది.

"ఇలా. కన్నం లోపల ఏముందో చూద్దామని."

డ్రీమా నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకుంది. లైల్ ట్రక్కుకి ఆనుకున్నాడు.

అప్పుడు పిస్తోల్లో తూటా ఎక్కించే ఉంది. ఎప్పుడూ ఎక్కించే ఉంటుంది. ఉండాలి కూడా. పై భాగం వెనక్కి లాగి తూటా ఎక్కించే బలం టెస్సా మణికట్టులో లేదు. లైలో, ఎల్డనో ఎక్కించి ఇస్తే అలాగే ఉంచుకుంటుంది. ఆ చవక పిస్తోలుకి ఆపే మీట లాంటిది ఏదీ లేదు. ఉన్నదల్లా ఆ మొండి ట్రిగ్గర్ ఒక్కటే. అందరూ తిట్టుకున్న, వానపాముల జోకులేసిన, ఆమెని ఏడిపించిన ట్రిగ్గర్. ఆ రోజు ఆమె ఎండలో దుప్పట్లకి క్లిప్పులు పెట్టుకుంటూ ఏదో పాట గొణుక్కుంటూ ఉంటే, లోపల ఆమె బిడ్డని కాపాడింది అదే.

"అమ్మా, జూనీని అటు తీసుకెళ్ళు. కుక్కీలు పెట్టు" అంది టెస్సా. వాళ్ళు ఎల్డన్ ట్రక్కు దగ్గరికి చేరేదాకా ఆగింది. అప్పుడు అన్న వైపు తిరిగింది.

"పాతది మళ్ళీ పెట్టెయ్."

"టెస్సీ..."

"ఆ పాత స్ప్రింగో ఏదో, ఏం తీశావో అది మళ్ళీ పెట్టెయ్. ఇప్పుడే. నీ పనిముట్లు ట్రక్కులోనే ఉంటాయి కదా."

లైల్ టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. "కొత్తది పెట్టలేదు. ఉన్నదాన్నే కత్తిరించాను."

"కత్తిరించావా?"

"అందరూ అలాగే చేస్తారు. రెండు చుట్లు కోసేస్తే మెత్తబడుతుంది. మిగతావి అరగదీశాను. ఇక అవి... అవి మళ్ళీ పెరగవు కదా."

"తెప్పించు."

"కంపెనీకి చెప్పి తెప్పించాలంటే వారం పైనే."

"వారమా!" అని అరిచింది టెస్సా. "వాడు ఈ పొద్దున బయటికొచ్చాడు లైల్! చర్చి దగ్గర ఉండగా ఫోనొచ్చింది. వారం అంటావేంటి?"

లైల్ ఒక్క క్షణం ఏమీ అర్థంకానట్టు చూశాడు. తరవాత అతని ముఖం కూడా మారింది. భయపడినప్పుడు మగాళ్ళకి వచ్చే కోపం వచ్చింది.

"నన్నంటావేంటి? అడిగింది నువ్వు! కారులో కూచుని ఏడ్చింది ఎవరు? నా పాదం కాల్చుకుంటానంది ఎవరు? నేను నా కళ్ళు పోగొట్టుకుని, చేతులు కాల్చుకుని నెలన్నర కూచున్నాను ఆ బల్ల దగ్గర. నీ చేతికి సరిపోయేట్టు చేశాను. నీ చేతికి!"

"నా చేతికి సరిపోయిందంటే దాని చేతికీ సరిపోతుంది!"

"చిన్నపిల్ల. ఇంకా కాస్త గట్టిగానే ఉంది, మరీ అంత..."

"అయితే చూద్దాం."

"ఏం చూస్తావు?"

"తూటాలు తీసెయ్యి. జూనీ చేతికివ్వు."

లైల్ ఆమె ముఖంలోకి చూశాడు, వేళాకోళం ఆడుతోందేమోనని. "నీకు పిచ్చా?"

"నాకు తెలియాలి లైల్. ఊహించుకుంటూ ఆ ఇంట్లో పడుకోలేను. కళ్ళతో చూడాలి."

ఎల్డన్ బాబాయి దగ్గరికొచ్చి, వద్దమ్మా, పిల్లకి అదో ఆటనిపిస్తుంది అన్నాడు. అటునుంచి డ్రీమా, దేవుడు క్షమించడే నిన్ను, అని అరిచింది. టెస్సా ఎవరి మాటా వినలేదు. తనే వెళ్ళి జూనీని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

లైల్ తూటాల అర ఊడదీసి జేబులో వేసుకున్నాడు. పై భాగం వెనక్కి లాగాడు. లోపలున్న తూటా ఎగిరి మట్టిలో పడింది. వెలుతురుకి పెట్టి లోపలికి చూశాడు, వేలు పెట్టి తడిమాడు, మళ్ళీ చూశాడు. ఎల్డన్‌కి చూపించాడు. టెస్సాకి చూపించాడు. అప్పటికీ నమ్మకం లేక మట్టిగోడ వైపు తిప్పి తనే ఒకసారి నొక్కాడు. మళ్ళీ పై భాగం లాగి సిద్ధం చేశాడు. జూనీ వెనక మోకాళ్ళ మీద కూచుని, తన పెద్ద చేతుల మధ్య పిస్తోలుని గోడ వైపు గట్టిగా పట్టుకున్నాడు.

"నొక్కరా చిట్టీ" అన్నాడు. మళ్ళీ అన్నాడు. "నొక్కు."

జూనీ నాలుక బయటపెట్టి, చాలా శ్రద్ధగా, ఒకే ఒక్క వేలు పెట్టింది.

టిక్.

గోరు విరిగినంత చప్పుడు. అంతే.

"వచ్చింది!" జూనీ గంతేసింది. "అమ్మా, వచ్చింది! ఒక్క చేత్తోనే వచ్చింది! అమ్మమ్మా, చూశావా?"

అందరి వైపూ చూసింది, చప్పట్ల కోసం. ఇక్కడ ఎవరు ఏం కాల్చినా చప్పట్లు కొడతారు. ఈసారి ఎవరూ కొట్టలేదు. బిడ్డ ముఖం మెల్లిగా ముడుచుకుపోయింది. టెస్సా దాన్ని ఎత్తుకుని, మెడలో ముఖం దాచుకుంది. "బాగా చేశావు తల్లీ, బాగా చేశావు" అంటూనే ఉంది. ఏం అంటోందో తనకే తెలియలేదు.

లైల్ పిస్తోలు తువ్వాల్లో చుట్టేశాడు. అది చేస్తున్నంతసేపూ తల ఎత్తలేదు. తరవాత ట్రక్కు అవతలికి వెళ్ళి, టైరు మీద చెయ్యి ఆనించి, తిన్నదంతా కక్కుకున్నాడు.

ఆ తరవాత నలుగురూ కలిసి దారులు వెతికారు. ఒక్కటీ తెరుచుకోలేదు.

లోపల తూటా ఎక్కించకుండా ఉంచుకో అన్నాడు ఎల్డన్. టెస్సా కుడి మణికట్టు చూపించింది. తాళం పెట్టె కొందాం అన్నాడు. పోయినసారి ట్రెంట్ వెనకతలుపు తన్నుకుని వచ్చినప్పుడు తనకి ఫోను అందుకునే వ్యవధి కూడా దొరకలేదంది ఆమె. చెంపకి ఫ్రిజ్ తలుపు తగిలిన చోట ఇప్పటికీ నొక్కితే నొప్పి. అలాంటిది తాళంచెవి వెతుక్కునే టైమెక్కడిది? నా రివాల్వర్ తీసుకెళ్ళు అంది డ్రీమా. "దాని ట్రిగ్గర్ ఇంకా మొండిది కదమ్మా, జూన్లో నేనే చూశాగా. లాగలేకపోయాను."

"మా ఇంటికొచ్చెయ్" అన్నాడు లైల్, మూతి తుడుచుకుంటూ. అన్నాక తనే ఆగిపోయాడు. అతని ఇంట్లో గోడకో తుపాకీ. అన్నీ ఆ బల్ల మీద మెత్తబడినవే.

టెస్సా మట్టిగోడ కింద పడిఉన్న డబ్బాల వైపు చూస్తూ నెమ్మదిగా అంది. "నేను లాగగలిగిందేదైనా అదీ లాగగలదు. అది లాగలేనిది నేనూ లాగలేను. వాడు నా చేతిని నాలుగేళ్ళ పిల్ల చెయ్యి చేసి వదిలాడు లైల్."

ఎల్డన్ టోపీ సర్దుకున్నాడు. డ్రీమా గిన్నెల మీద మూతలు పెట్టింది. తినకుండా మిగిలిపోయిన కూర ఇంకా గోరువెచ్చగానే ఉంది.

"నీ దగ్గరే ఉంచు" అంది టెస్సా చివరికి. తువ్వాలుచుట్ట అన్న చేతుల్లో ఉంది. అతను దాన్ని ఇవ్వడానికీ ఉంచుకోవడానికీ మధ్య, పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకుని ఉన్నాడు. "స్ప్రింగ్ వచ్చాక ఇవ్వు. అప్పటిదాకా నా ఇంట్లోకి రావద్దది."

"మరి వాడు?"

"ఏమో."

"ఏమో అంటే?"

"ఏమో అంటే ఏమో!"

డ్రీమా కల్పించుకుంది. ముసలివాళ్ళ ఆశ్రమంలో సాయంత్రం డ్యూటీ ఉంది తనకి. ఇంత ఆలస్యంగా సెలవడిగితే ఊరుకోరు, అప్పటికే రెండుసార్లు మందలించారు. డ్యూటీ దిగగానే తన బట్టలు, రివాల్వర్ పట్టుకుని వచ్చేస్తానంది. కాల్చేది నేను కదా, నా వేళ్ళకేం రోగం, అంది. ఇవాళే బయటికొచ్చినవాడు ఇవాళే వస్తాడా? వాళ్ళమ్మ వాడికి కోడిమాంసం వేయించి పెడుతుంది, వాడు తిని తాగి పడుకుంటాడు. ఒక్క సాయంత్రం. తలుపు గడియ పెట్టుకుని, దీపాలన్నీ వేసుకుని కూచో.

"నేనొచ్చి వరండాలో కూచుంటా" అన్నాడు లైల్.

"ముందు షెడ్డుకి పో. వేరే దేన్నుంచైనా సరే, ఆ స్ప్రింగ్ దొరుకుతుందేమో చూడు. నాకదే కావాలి నీనుంచి." ఆ మాట అన్నాక అన్న ముఖం చూసి, ఆమె అతని చెయ్యి మీద చెయ్యి వేసింది. "నువ్వు నాకోసమే చేశావు. తెలుసు. కానీ ఇప్పుడు నిన్ను చూస్తుంటే ఆ టిక్ వినపడుతోంది. కాసేపు ఆగి రా."

దారంతా జూనీ వెనక సీట్లో చూపుడువేలు ముడుస్తూ చాస్తూ, టిక్, టిక్ అంటూ ఆడుకుంది. వద్దని చెప్పే ఓపిక టెస్సాకి లేదు.

ఇంటికొచ్చాక ముందు తలుపు, వెనక తలుపు, బాత్రూం కిటికీ, అన్నీ చూసింది. వెనక తలుపుకి కుర్చీ అడ్డం పెట్టింది. అది జూనీ గట్టు ఎక్కిన కుర్చీయేనని పెట్టాక గుర్తొచ్చింది. ఫ్రిజ్ మీది ఖాళీ అట్టడబ్బాని నలిపి చెత్తలో పడేసింది. చెత్తలోంచి మళ్ళీ తీసి ముక్కలు ముక్కలుగా చింపింది. ఎందుకు చింపుతోందో తనకే తెలియదు. చింపడం అయ్యాక చేతులు ఖాళీగా ఉన్నాయి. అంత ఖాళీ చేతులతో ఆ ఇంట్లో ఆమె వేసవి నుంచీ ఎప్పుడూ లేదు. పిస్తోలు లైల్ దగ్గరున్న నెలన్నరా కూడా, ట్రెంట్ జైల్లో ఉన్నాడన్న ధైర్యం ఒకటుండేది.

ఒక్క సాయంత్రం, అనుకుంది. అమ్మ వచ్చేస్తుంది.

పొయ్యి మీద పెనం పెట్టి జూనీకి చీజ్ రొట్టె కాలుస్తుంటే ఫోను మోగింది. లవానా నంబరు.

ఆదివారం సాయంత్రం. తండ్రి కూతురితో ఆదివారాలు ఫోనులో మాట్లాడుకోవచ్చని జడ్జి ఒప్పుకున్నాడు. ఇన్నాళ్ళూ జైలు నుంచి చేసేవాడు. బయటికొచ్చాక ఆ ఏర్పాటు ఆగుతుందని ఎవరూ రాయలేదు. ఎత్తకపోతే ఆ సంగతి రేపు జడ్జి ముందుకి వెళుతుంది. బిడ్డని తండ్రికి దూరం చేస్తోందని లవానా వకీలు ఇప్పటికే రెండుసార్లు అన్నాడు. టెస్సా వాడితో మాట్లాడకూడదు, మాట్లాడదు. ఎప్పట్లాగే ఫోనెత్తి, ఒక్క మాట కూడా అనకుండా జూనీ చేతికిచ్చి, పొయ్యి వైపు తిరిగిపోయింది. వాడి గొంతు గది దాటి రాకూడదని ఫోను ఎప్పుడూ పిల్ల చెవి దగ్గరే ఉంచుతుంది. ఆమెకి వినపడేది సగమే.

"నాన్నా! ... ఆ. ... నానమ్మ ఇంట్లోనా? ... నేను చర్చికెళ్ళాను. ... చిక్కుడుగింజలు. నాకు ఇష్టం లేదు. కుక్కీలు తిన్నా."

రొట్టె అంచు కాలుతోంది. టెస్సా తిరగేసింది.

"లైల్ మామ నీలంరంగు వేశాడు. ... ఊఁ. ... నాకు వచ్చింది నాన్నా! ఒక్క చేత్తో!"

గరిటె పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

"లేదు. ఇక్కడ లేదు. లైల్ మామ దగ్గరుంది. ... అమ్మే ఇచ్చేసింది. ... అమ్మమ్మ పనికెళ్ళింది. ... ఊహూఁ, ఎవరూ లేరు. నేనూ అమ్మా."

టెస్సా గరిటె వదిలేసి రెండు అంగల్లో గది దాటి ఫోను లాక్కుంది. అప్పటికే అవతల పెట్టేశారు. పెనంలోంచి పొగ లేస్తోంది. ఆమె ఎడంచేత్తో లైల్ నంబరు నొక్కుతూ, కుడిచేత్తో కూతురి భుజం పట్టుకుంది. లైల్ ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. షెడ్డులో మిషను చప్పుడుకి వినపడదు అతనికి.

"జూనీ, నాన్న ఏమన్నాడు? చివర్లో ఏమన్నాడమ్మా?"

పిల్ల అప్పటికే భుజం విడిపించుకుని, సోఫా వెనక పడిఉన్న తన వీపుసంచి బయటికి లాగుతోంది. అడుగునున్న పాత బిస్కెట్టు పొడి దులిపి, బొచ్చుకుందేలుని తలకిందులుగా అందులోకి తోసింది.

"మంచిపిల్లవి అన్నాడు. బొమ్మలు సర్దుకోమన్నాడు."